నవ్విన నాపచేను పండింది. పంట ఎవరింటికి చేరింది?

నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ధైర్యం చెబుతారు. సొంత రాష్ట్రానికి వెలుపల తరాలుగా తెలుగు మాట్లాడుతున్న మనకు ఈ సామెత మరీ ప్రీతిపాత్రమైనది. మన యాస విని బడిలో నవ్వినవారున్నారు. కచేరీలో నవ్వినవారున్నారు. పెళ్ళికి హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు సైతం నవ్వి పోయారు. ఏనాటికైనా ఈ యాసలోనే ఒక పాట పుట్టి, దానికొక చిందు తోడై, దేశమంతా దానికి ఊగిపోతే చాలు, మన అవమానం తీరిపోతుందని లోలోపల ఆశపడుతూనే ఉంటాము.

ఈ ఆశ మనలను మోసగిస్తున్నదని నా వాదన. సామెత పంటను గురించి చెబుతుంది. గాదెను గురించి చెప్పదు. లోకం నవ్విన పలుకుబడే లోకాన్ని ఊపివేసిన సందర్భం ఒకటి మన కాలంలోనే జరిగింది. అది అమెరికాలో, కాలిఫోర్నియా తీరాన, బే ఏరియా అని పిలిచే శాన్‌ఫ్రాన్సిస్కో అఖాత ప్రాంతంలో జరిగింది. అక్కడి నల్లజాతి ప్రజల భాషకు పట్టిన గతిని మనం శ్రద్ధగా చదువుకోవాలి.

వల్లేహో చిందు

ఆ అఖాతానికి ఉత్తరపు కొసన వల్లేహో అనే పట్టణం ఉంది. అక్కడి మేర్ ఐలండ్ నౌకానిర్మాణ కేంద్రమే ఆ ఊరికి అన్నం పెట్టేది. 1854లో మొదలైన ఆ కేంద్రం 1996లో మూతపడింది. పన్నెండేళ్ళు తిరిగేసరికి, 2008లో, పట్టణ పాలక సంస్థే దివాలా పిటిషను వేసుకొన్నది.

ఆ ఊరి కంట్రీ క్లబ్ క్రెస్ట్ పేటలో పెరిగిన ఆండ్రే హిక్స్ అనే గాయకుడు 'మాక్ డ్రే' అన్న పేరుతో ర్యాప్ పాటలు కట్టాడు. పెద్ద కంపెనీల గడప తొక్కకుండా 1999లో సొంత సంస్థ పెట్టుకొన్నాడు. 2002లో 'థిజెల్ వాషింగ్టన్' అనే ఆల్బమ్ వెలువరించాడు. పేరులోనే పరిహాసముంది, అది డెంజెల్ వాషింగ్టన్ అన్న ప్రసిద్ధ నటుని పేరును విరిచి కట్టినది. అందులోని 'థిజెల్ డాన్స్' పాటతో ఒక చిందు బే ఏరియా అంతటా వ్యాపించింది. భుజాలు వదులుచేసి, చేతులు విసురుతూ, జుట్టు విదిలిస్తూ ఆడే ఆట అది. దానికి ముఖ్యమైన ముద్ర ముఖంలో ఉంటుంది. చెడ్డ వాసన తగిలినట్లు ముక్కు చిట్లించి, మూతి ముడిచి ఆడాలి. దీనికి నాట్యాచార్యుడు అక్కరలేదు, రంగస్థలం అక్కరలేదు. వీధి మూల చాలు.

ఆ చిందు వెనుక ఒక పలుకుబడి ఉంది. ఆ ఊపుకు 'హైఫీ' అని పేరు. ఆ మాటను పుట్టించినవాడుగా ఓక్‌లాండు గాయకుడు కీక్ డ స్నీక్ ప్రసిద్ధుడు. ఆ పలుకుబడిలో 'డంబ్', 'స్టుపిడ్' అన్న మాటలు మెప్పుగా మారాయి. బడిలో వెనుక బెంచీ పిల్లలకు తగిలించిన తిట్టు వీధిలో బిరుదయింది. ఒంటి మీద పట్టు వదలి, చూసేవారు ఏమనుకొంటారన్న బెంగ లేకుండా ఆడడమే దాని అర్థం. తిట్టును తీసుకొని తలపాగాగా చుట్టుకోవడం అణగారిన జాతులన్నిటికీ తెలిసిన విద్యే.

మాక్ డ్రే తన పాట దేశమంతటా మోగడం చూడలేదు. 2004 నవంబరు 1న కాన్సస్ నగరంలో తుపాకి కాల్పులకు బలయ్యాడు. అప్పటికి ఆయనకు 34 ఏళ్ళు.

ముందు నవ్వు

ఇప్పుడు కొంచెం వెనుకకు వెళ్ళాలి. మేర్ ఐలండ్ మూతపడిన 1996లోనే, పొరుగున ఉన్న ఓక్‌లాండులో పాఠశాల బోర్డు ఒక తీర్మానం చేసింది. ఆ బోర్డు కింద చదువుతున్న పిల్లలలో 53 శాతం నల్లజాతివారు. కాని ప్రత్యేక విద్య తరగతులకు నెట్టినవారిలో వారు 71 శాతం, సస్పెండైనవారిలో 80 శాతం. వారి సగటు గ్రేడు 1.80. జిల్లా మొత్తపు సగటు 2.40.

ఈ అంకెలు చూసి పిల్లలకు బుద్ధి లేదని బోర్డు తేల్చలేదు. వారు ఇంటిలో మాట్లాడే నుడికి దానిదైన వ్యాకరణముందని, ఆ నుడిని ఉపాధ్యాయులు తెలుసుకొని, దాని మీదుగా ప్రామాణిక ఇంగ్లీషుకు వంతెన కట్టాలని 1996 డిసెంబరు 18న తీర్మానించింది. ఆ నుడికి 'ఎబోనిక్స్' అన్న పేరు వాడింది.

దేశం పగలబడి నవ్వింది. వీధి భాషను బడిలో నేర్పుతారట అని పత్రికలు, టెలివిజను హాస్యగాళ్ళు, వ్యంగ్య చిత్రకారులు నెలల తరబడి ఎగతాళి చేశారు. నల్లజాతి పెద్దలలోనే కొందరు సిగ్గుపడి దూరం జరిగారు. ద్విభాషా బోధన నిధులు ఇందుకు వర్తించవని కేంద్ర విద్యాశాఖ చెప్పింది. సెనేట్ ఉపసంఘం 1997 జనవరిలో విచారణ కూడా పెట్టింది. తీర్మానంలో కొన్ని మాటలు అజాగ్రత్తగా పడిన మాట నిజమే. బోర్డు వాటిని ఆ జనవరిలోనే సవరించుకొన్నది. అదే నెలలో అమెరికా భాషాశాస్త్రజ్ఞుల సంఘం ఈ నుడి అన్ని భాషల వలెనే క్రమబద్ధమైనదనీ, నియమాలు కలదనీ తీర్మానించింది. ఆ మాట నవ్వుల హోరులో ఎవరికీ వినబడలేదు.

ఇది కొత్త వాదమూ కాదు. 1979లోనే మిచిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ పాఠశాల కేసులో న్యాయమూర్తి చార్లెస్ జాయినర్ తీర్పు చెప్పారు. పిల్లల చదువుకు అడ్డుపడుతున్నది వారి ఇంటి నుడి కాదనీ, ఆ నుడి పట్ల ఉపాధ్యాయులు తమకు తెలియకుండానే చూపే వైఖరి అనీ ఆయన గుర్తించారు. చదవడం నేర్పేటప్పుడు ఇంటి భాషను లెక్కలోనికి తీసుకొనేలా ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వవలసిన బాధ్యతను బోర్డు మీద పెట్టారు. సరిహద్దు జిల్లాలలో బిడ్డను బడికి పంపే ప్రతి తల్లీ ఈ తీర్పును గుర్తుంచుకోవాలి.

తరువాత కొనుగోలు

దాదాపు పదేళ్ళు గడిచాయి. 2006 మార్చి 14న వల్లేహో వాస్తవ్యుడే అయిన ఈ-40 అనే గాయకుని ఆల్బమ్ వార్నర్ బ్రదర్స్ వంటి పెద్ద కంపెనీ ద్వారా విడుదలయింది. దాని పేరు 'మై గెట్టో రిపోర్ట్ కార్డ్'. గెట్టో అంటే పేదల పేట. రిపోర్ట్ కార్డ్ అంటే బడిలో ఇచ్చే మార్కుల పట్టిక. 1.80 సగటు తెచ్చుకొన్న పిల్లల ప్రాంతం నుంచి వచ్చిన ఆల్బమ్‌కు అంతకంటె తగిన పేరు దొరకదు. బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో అది మూడో స్థానంలో ప్రవేశించింది. కీక్ డ స్నీక్ గొంతు కలిపిన 'టెల్ మీ వెన్ టు గో' పాట దేశపు పాటల పట్టికలో 35వ స్థానానికి ఎక్కింది. ఆ పాటకు బాణీ సమకూర్చిన లిల్ జాన్ అట్లాంటా వాడు. స్థానికంగా మాత్రమే తెలిసిన చిందు, మెల్లగా కదులుతున్న కారు దిగి పక్కనే ఆడే 'ఘోస్ట్ రైడింగ్', హైఫీ మాటలు అన్నీ ఒక్కసారిగా దేశం నోట పడ్డాయి. ఓక్‌లాండు బిడ్డ మార్షాన్ లించ్ 2006 అక్టోబరులో బర్కిలీ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ ఆట గెలిచాక, గాయపడినవారిని మోసే బండినెక్కి మైదానంలో తిప్పి ఘోస్ట్ రైడింగ్‌ను తలపించిన దృశ్యం నేటికీ చెప్పుకొంటారు.

1996లో ఏ నుడిని విని నవ్వారో 2006లో అదే నుడిని డబ్బిచ్చి కొనుక్కొన్నారు. నవ్విన నాపచేను పండింది. మన ఆశ ప్రకారం అవమానం అక్కడితో తీరిపోవాలి. తీరిందా?

మరుసటి ఏడాదికే అంగడి చూపు మరలింది. 2007 సెప్టెంబరులో సోల్జా బాయ్ అనే అట్లాంటా కుర్రవాని 'క్రాంక్ దట్' పాట, దాని చిందుతో సహా, పట్టికలో మొదటి స్థానానికి చేరింది. హైఫీ పాతబడిన సరుకయింది. కొన్నవాడు బొమ్మను పక్కన పెట్టినంత సులువుగా పక్కన పెట్టాడు. నవ్వినప్పుడు ఆ నుడివారిని అడగలేదు, కొన్నప్పుడూ అడగలేదు, పారవేసినప్పుడూ అడగలేదు. నవ్వులోను, కొనుగోలులోను ఎదుటి మనిషి మాటకు విలువ లేకపోవడం సమానంగానే ఉంది.

చిందు నిలిచింది, మనుషులు?

ఓక్‌లాండు జనాభాలో నల్లజాతివారు 1980లో సుమారు 47 శాతం. 2010 నాటికి 28 శాతానికి పడిపోయారు. అద్దెలు భరించలేక వేల కుటుంబాలు దూరపు ఊళ్ళకు తరలిపోయాయి. పాట దేశమంతా మోగింది కాని, పాడిన పేటలో ఇల్లు నిలుపుకొనే బలాన్ని అది ఇవ్వలేకపోయింది. ఈ మాట మనం తలవంచి వినాలి. ఆ అద్దెలను పెంచిన కారణాలలో సాఫ్ట్‌వేర్ పరిశ్రమ ఒకటి. అదే అఖాతపు ఒడ్డున ఫ్రీమాంట్‌లో, సన్నీవేల్‌లో మన ఇళ్ళ పిల్లలే ఆ పరిశ్రమలో పనిచేస్తున్నారు. వారి తప్పని నేననను. తాము అడుగుపెట్టిన నేల మీద మరొక జాతి నుడి నిలువ నీడ కోసం పెనుగులాడుతున్నదని వారికి తెలియాలి. భాషా హక్కు మనకొక్కరికే ఉన్నదనుకొంటే అది హక్కు కాదు, స్వార్థం.

ఇక న్యాయస్థానం సంగతి. నా వృత్తి అదే కాబట్టి అక్కడ కొంచెం ఆగుతాను. మాక్ డ్రేను 1992లో బ్యాంకు దోపిడీకి కుట్ర పన్నాడన్న అభియోగంపై అరెస్టు చేశారు. అయిదేళ్ళ శిక్ష పడింది. ఫ్రెస్నో జైలు టెలిఫోనులో పాడి ఆయన అప్పట్లో ఒక రికార్డు విడుదల చేశాడు. ఆయన ఒక్కని మాట అటుంచితే, ర్యాప్ పాటలోని పాదాలను నిందితుని ఒప్పుకోలుగా జ్యూరీ ముందు చదవడం అమెరికా ప్రాసిక్యూటర్లకు దశాబ్దాలుగా అలవాటు. నాటకంలో రావణ పాత్రధారి సీతను ఎత్తుకుపోయాడని అపహరణ కేసు పెట్టినట్లుంటుంది. పాటలో మాటకు ఆ పేటలో ఏమి అర్థమో చెప్పవలసినది ఎవరు? ఆ పేట తెలియని పోలీసు అధికారి వచ్చి నిపుణునిగా సాక్ష్యం చెబితే, తిట్టు బిరుదైన నుడిలో బిరుదు మళ్ళీ తిట్టవుతుంది, చిందు నేరమవుతుంది.

రాసుకొనే చోటే తప్పులుంటే ఇక అర్థం మాట ఏమిటి? ఫిలడెల్ఫియా కోర్టులలో పనిచేసే 27 మంది స్టెనోగ్రాఫర్లకు నల్లజాతి ఇంగ్లీషులోని వాక్యాలు వినిపించి రాయించిన పరిశోధన 2019లో వెలువడింది. వాక్యాలలో సుమారు 60 శాతం మాత్రమే సరిగా దిగాయి. ప్రతి పది వాక్యాలలో నాలుగు తప్పు! ఆ నాలుగింటిలో ఒకటి ఒక మనిషి జీవితమే కావచ్చు.

ఈ అన్యాయానికి కాలిఫోర్నియాలో కొంత అడ్డుకట్ట పడింది. 2022 సెప్టెంబరు 30న గవర్నరు గావిన్ న్యూసమ్ సంతకం చేసిన చట్టం 2023 జనవరి 1 నుంచి అమలులోనికి వచ్చింది. పాట, కవిత, నాట్యం వంటి సృజనను సాక్ష్యంగా తేదలిస్తే, జ్యూరీ లేకుండా ముందుగా విచారించాలి. అది నేరకాలానికి దగ్గరగా పుట్టినదా, నేరంతో తగినంత పోలిక ఉన్నదా, బయటివారికి తెలియని వివరం అందులో ఉన్నదా అని చూడాలి. ఇవేవీ లేకపోతే దానికి సాక్ష్యపు విలువ అత్యల్పమని భావించాలి. ఆ కళారూపపు సంప్రదాయాలు, సాంఘిక నేపథ్యం తెలిసినవారు చెప్పే మాట వినాలి. జాతి ద్వేషం చొరబడే ప్రమాదాన్ని లెక్కించాలి. ఆ సంతకం నాడు ఆన్‌లైను ద్వారా పాల్గొన్న గాయకులలో ఈ-40 కూడా ఉన్నాడు.

అంటే కీర్తి బొత్తిగా పనికిరానిదని నేననడం లేదు. చట్టసభ తలుపు తట్టడానికి పేరున్న చేయి ఉపయోగపడింది. కాని తలుపు తెరుచుకొన్నది శాసనం వలన. చిందు వేసినందుకు ఎవరూ సెక్షను రాసి ఇవ్వలేదు. అడిగి, వాదించి, ఓట్లు కూడగట్టి రాయించుకొన్నారు.

కొన్ని ఆక్షేపణలు

'థిజ్' అన్న మాటకు మూలం ఎక్‌స్టసీ అనే మత్తు మాత్ర కదా, అటువంటి పాటను మన పత్రికలో తలవడమేమిటని పెద్దలు అడగవచ్చు. మూలం అదేనన్నది నిజం. మత్తును గాని, ఘోస్ట్ రైడింగులో ప్రాణాలు పోగొట్టుకొన్న తెగువను గాని నేను సమర్థించను. మన పిల్లలు వాటి జోలికి పోరాదు. అయితే ఒక మాట పుట్టుక మురికిదైతే ఆ నుడి మొత్తం మురికిదనడం న్యాయం కాదు. మన తాగుబోతు పాటలను బట్టి తెలుగును తూచితే మనం ఒప్పుకొంటామా? ఆ నేల మీది వీధి నాట్యం దుఃఖానికీ పనికివచ్చింది. కారు ప్రమాదంలో పోయిన సోదరుని కోసం 2009లో ఓక్‌లాండు వీధి మలుపులో, వర్షంలో, నలుగురు యువకులు ఆడిన ఆట వీడియోగా ప్రపంచమంతా చూసింది. అందులో మత్తు లేదు, శోకముంది.

పరాయి దేశపు గొడవ మనకెందుకని మరికొందరంటారు. ఎందుకంటే అదే తప్పు మనమూ చేస్తున్నాము. మన పిల్లవాడు టెలివిజను పోటీలో తెలుగు పాటకు ఆడితే ఊరంతా పండుగ చేసుకొంటాము. అదే పిల్లవాని బడిలో తెలుగు మాధ్యమం తరగతి ఎత్తివేసిన రోజున అర్జీ మీద సంతకానికి పదిమంది రారు. ప్రాంతీయ యాసలను తెలుగు సినిమా దశాబ్దాల పాటు నవ్వు పుట్టించే పాత్రలకే కట్టిపెట్టింది. ఈ మధ్య అవే యాసలలో కథానాయకులు మాట్లాడుతుంటే మురిసిపోతున్నాము. మురవండి, తప్పు లేదు. కాని నవ్వినవాడు కొనుగోలుదారుగా మారాడన్న సంగతిని మన హక్కు గెలిచిందని పొరబడకండి.

గాదె కట్టుకొందాము

కనుక పిల్లల పాటకు చప్పట్లు కొట్టిన చేతులతోనే మూడు పనులు చేయవలసి ఉంది.

మొదటిది బడి. రాజ్యాంగం 350-ఏ అధికరణం ప్రకారం భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలి. బరంపురంలోనైనా, హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, మన బిడ్డ యాస విని ఉపాధ్యాయుడు నవ్వితే నోరు మూసుకొని రావద్దు. రాతపూర్వకంగా అడగండి. ఆన్ ఆర్బర్‌లో కేసు వేసినది పెద్ద సంస్థలు కావు. పేదల వాడలోని పిల్లలు, వారి తల్లులు.

రెండవది న్యాయస్థానం. భారతీయ నాగరిక సురక్షా సంహిత 312వ సెక్షను, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 277, ప్రకారం సాక్షి కోర్టు భాష కాని వేరొక భాషలో చెబితే, వీలైనంతవరకు ఆ భాషలోనే నమోదు చేయవచ్చు. వీలుకాకపోతే విచారణ సాగుతుండగానే కోర్టు భాషలో సరైన అనువాదం సిద్ధం చేయాలి. తెలుగులో సాక్ష్యం చెప్పేవారు సిగ్గుతో వచ్చీరాని రాష్ట్ర భాషలో చెప్పి చిక్కులలో పడవద్దు. తెలుగులోనే చెప్పండి. రాసినదాన్ని మళ్ళీ వినిపించమని అడగండి. మీ ఊరి మాటకు మీ ఊరి అర్థమే రికార్డులో దిగేలా పట్టుబట్టండి.

మూడవది మన సొంత కూడళ్ళు. మాక్ డ్రే చిందు అంగడి పారవేసిన తరువాత కూడా తన నేల మీద చావలేదు. కారణం, అది పెద్ద కంపెనీ దయతో పుట్టినది కాదు. సొంత సంస్థ, ఊరి దుకాణం, ఊరి వేడుక దాన్ని పెంచాయి. నేటికీ బే ఏరియాలో ఆ పాట మోగితే ముక్కులు చిట్లుతాయి, భుజాలు కదులుతాయి. ఈ-40 పెరిగిన మాగజైన్ వీధిలో కొంత భాగానికి వల్లేహో నగరం 2023లో ఆయన పేరే పెట్టింది. పెట్టినది దేశం కాదు, ఊరు. మన జాతర పాట, కోలాటం, భజన మందిరం, తెలుగు గ్రంథాలయం, ఈ పత్రిక కూడా అటువంటి కూడళ్ళే. వాటికి చందా కట్టడం దానం కాదు, గాదెకు తలుపు బిగించడం.

నాపచేను పండినందుకు సంతోషించే హక్కు మనకుంది. కోత నాడు కొడవలి, కొలత నాడు కుంచం మన చేతనే ఉన్నాయో లేవో చూసుకొనే బాధ్యత కూడా మనదే.